ముప్ఫై రెండు ఇళ్ళకి చేరిన నా దినచర్య

మా స్కూలున్న ఊళ్ళో ముప్ఫై రెండు ఇళ్ళవాళ్ళకి నేను వారానికి ఎన్ని బజ్జీలు తినాలో తెలుసు. మా ఆయన మీద అరిచే ముందు ఎన్ని అంకెలు లెక్కపెట్టుకోవాలో తెలుసు. మా అత్తయ్యగారితో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో కూడా తెలుసు. ఎవరో గిట్టనివాళ్ళు ఊరంతా చాటేశారనుకునేరు. కాదండి, నేనే. సొంత చేత్తో రాసి, లామినేషన్ చేయించి, పిల్లల చేత కాపీ చేయించి, పైగా ఇంట్లో సంతకం పెట్టించుకుని రమ్మని పంపించాను. మొన్న స్కూళ్ళు తెరిచిన వారంలో జరిగింది. ఇప్పుడు నవ్వొస్తోంది కాబట్టి చెప్తున్నాను. ఆ వారమంతా మాత్రం తలెత్తుకుని నడవలేదు.

నేనుండేది బందర్లో. స్కూలు దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో. ఊరి పేరు చెప్పను, ఉన్న పరువు చాలు. పొద్దున ఏడుంపావుకి బస్సెక్కితే అవనిగడ్డలో దిగుతాను. అక్కణ్ణించి ఏడుకొండలు ఆటో. ఏడుకొండలు కూతురు నా క్లాసే, ఎనిమిదో తరగతి. సోషల్ చెప్తాను, ఆ తరగతికి క్లాస్ టీచర్ని కూడా నేనే.

పోయినేడాది నేనెలా నడిపించానో కొంచెం చెప్తాను. పరీక్ష పేపర్లు మా మరిది పెళ్ళిలో కూర్చుని దిద్దాను. ఒక పేపరు మీద పప్పుచారు ఒలికితే, ఆ పిల్ల మీద జాలేసి రెండు మార్కులు ఎక్కువ వేశాను. ఇంకోరోజు రెండు కాళ్ళకి రెండు రకాల చెప్పులు వేసుకుని అవనిగడ్డ దాకా వెళ్ళిపోయాను. ఇంటికొస్తే స్కూలు గోల, స్కూలుకెళ్తే ఇంటి గోల. అందుకని వేసవి సెలవుల్లో గట్టిగా అనుకున్నాను, ఈసారి మొదటి రోజు నుంచే అన్నీ ఒక పద్ధతిలో ఉండాలని. ఫోన్లో ఒకావిడ వీడియోలు చూశాను. ఆవిడ ఇంట్లో చెంచాలు కూడా పొడుగు ప్రకారం పడుకుని ఉంటాయి. పనికీ ఇంటికీ బ్యాలెన్స్ ఉండాలమ్మా, ఏం చేయాలో రాసి కళ్ళ ముందు పెట్టుకోండమ్మా అంటుంది ఆవిడ.

రాశాను. పసుప్పచ్చ చార్టు కాగితాలు రెండు కొన్నాను. ఒకదాని మీద ఎనిమిదో తరగతి టైమ్ టేబుల్, ఏ రోజు ఏ పీరియడ్, ఏ పుస్తకం తేవాలి, ఎవరు ఏ వరసలో కూర్చోవాలి, అన్నీ. రెండోదాని మీద నాది. రెండింటికీ పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒకటే హెడ్డింగు పెట్టాను. 'దినచర్య. తప్పక పాటించాలి.' అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ముచ్చటపడి రెండింటికీ లామినేషన్ చేయించాను.

నా దినచర్యలో ఏముందో మీకిప్పుడే చెప్పాలి, లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. ఐదున్నరకి లేవాలి, అలారం ఆపి మళ్ళీ పడుకోకూడదు. ఆరింటికల్లా వాకింగ్‌లో ఉండాలి, అక్కడ నడవాలి గానీ కబుర్లు పెట్టుకోకూడదు. హెచ్ఎం గారు ఎక్స్‌ట్రా పని చెబితే నవ్వుతూ 'కుదరదండి' అనాలి. బజ్జీలు ఆదివారం మాత్రమే, అవీ నాలుగు. అత్తయ్యగారితో రోజూ పావుగంట మాట్లాడాలి, సీరియల్ గురించి మాట్లాడాలి, వంట గురించి మాట్లాడకూడదు. ఆయన మీద అరిచే ముందు పది దాకా లెక్కపెట్టాలి. చిట్టచివర, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో, 'నా కోసం అరగంట. ఊరికే కూర్చోవాలి. ఎవరు పిలిచినా పలకకూడదు.'

రెండు చార్టులూ చుట్టి, ఒకదానికి ఎర్ర రబ్బరుబ్యాండు, ఇంకోదానికి ఆకుపచ్చది వేశాను. రంగుల పద్ధతి కూడా ఆ వీడియో ఆవిడే చెప్పింది. స్కూలుకి ఒక రంగు, ఇంటికి ఒక రంగు.

తీరా బుధవారం పొద్దున, బస్సుకి పది నిమిషాలుందనగా, ఏ రంగు దేనికో మర్చిపోయాను. ఎరుపంటే డేంజరు కాబట్టి స్కూలుకి పెట్టానా? లేకపోతే ఆకుపచ్చంటే ప్రశాంతత కాబట్టి ఇంటికి పెట్టానా? ఆ లెక్కన రెండూ ఒకటే అవ్వాలి. కానీ నాకెందుకో పిల్లలంటే పచ్చదనం, పచ్చ స్కూలుకే పెట్టాననిపించింది. ఏ రంగు దేనికో ప్లానర్లో రాసుకున్నాను. ఆ ప్లానర్ బ్యాగులో అడుగున, టిఫిన్ డబ్బా కింద ఉంది. రబ్బరుబ్యాండు తీసి చూస్తే అర నిమిషం పని. తియ్యలేదు. పద్ధతి పెట్టుకున్నాక దాన్ని నమ్మాలి కదా అని ఆకుపచ్చది చంకలో పెట్టుకుని పరిగెత్తాను. మిగిలినది ఫ్రిజ్ మీద అంటించమని మా ఆయనతో చెప్పి వెళ్ళాను.

స్కూల్లో అడుగు పెట్టగానే హెచ్ఎం ప్రసాదరావుగారు ఎదురొచ్చారు. బ్యాగులూ పుస్తకాలూ వచ్చాయి, స్టోరు రూములో మీరే దగ్గరుండి పంచాలండి అన్నారు. నేను 'కుదరదండి' అనాల్సింది అప్పుడే. నోట్లోంచి 'అలాగేనండి' వచ్చింది. సరే, మొదటి రోజే కదా, రేపట్నుంచి అందామనుకున్నాను.

క్లాసుకి ఒక్క నిమిషం వెళ్ళాను. మా క్లాస్ లీడర్ నాగదుర్గ. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. చుక్క పెట్టమంటే చుక్కే పెడుతుంది, గీత గీయదు. ఆ పిల్ల చేతికి చార్టు ఇచ్చి, బోర్డు పక్కన పెట్టమన్నాను. అందరూ కొత్త నోట్సు మొదటి పేజీలో ఉన్నదున్నట్టు రాసుకోవాలి, ఒక్క మాట కూడా వదలకూడదు, ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించి సంతకం పెట్టించుకుని రావాలి అని చెప్పి స్టోరు రూముకి వెళ్ళిపోయాను. ఉన్నదున్నట్టు అని రెండుసార్లు అన్నాను. 

బ్యాగుల మధ్య ఎలా గడిచిందో తెలీదు, లాంగ్ బెల్ అయిపోయింది. ఏడుకొండలు గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు. దుర్గ ఎదురొస్తే అందరూ రాసుకున్నారా అని అడిగాను. రాసుకున్నాం టీచర్, రెండు పేజీలు పట్టింది అంది. రెండైతే ఏం, పాటించడం ముఖ్యం అన్నాను. ఆ పిల్ల ఇంకా నా వెంటే నడుస్తోంది.

"ఒక డౌట్ టీచర్. మా ఇంట్లో అత్తయ్యగారు లేరు. నాయనమ్మతో మాట్లాడచ్చా?"

"ఎవరితోనైనా మాట్లాడు తల్లీ, నాకు బస్సు పోతుంది," అని ఆటో ఎక్కేశాను.

చూశారా? చెవిలో పడింది, బుర్రలో పడలేదు. బస్సులో మోపిదేవి దాటకముందే హాయిగా నిద్రపోయాను కూడా.

ఇంటికొచ్చేసరికి ఆరున్నర. మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. పరీక్ష రాయబోయే కుర్రాడిలా తీక్షణంగా చూస్తున్నారు. నన్ను చూసి, సోమవారం మూడో పీరియడ్ హిందీ తనకా, వాళ్ళమ్మకా అని అడిగారు. ఇంకా, డ్రిల్లు పీరియడ్లో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మినహాయింపు ఉంటుందా అని మా అత్తయ్యగారు కనుక్కోమన్నారట.

ఫ్రిజ్ వంక చూశాను. ఎనిమిదో తరగతి. వరసలు. పీరియడ్లు. అప్పుడు నా చెవిలో దుర్గ మాట మళ్ళీ మోగింది. మా ఇంట్లో అత్తయ్యగారు లేరు టీచర్. అక్కడే స్టూలు మీద కూర్చుని జరిగింది చెప్పాను.

సంగతి విని మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వారు. ఇంతకీ దాంట్లో ఏం రాశావు అన్నారు. ఒక్కొక్కటే చెప్పాను. బజ్జీల దగ్గర నవ్వారు, హెచ్ఎం గారి దగ్గర ఇంకా నవ్వారు. పది దాకా లెక్కపెట్టడం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు.

"అది కూడా రాశావా? పిల్లలు రాసుకున్నారా?"

"ఉన్నదున్నట్టు రాసుకోమన్నాను."

ఆ తర్వాత ఇద్దరం ఫోన్ ముందేసుకుని కూర్చున్నాం. తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ పెడదామనుకున్నాను. 'మొదటి పేజీ ఎవరూ చదవకండి' అని రాశాను. అలా పెడితే చదవనివాళ్ళు కూడా చదువుతారని మా ఆయన అన్నారు. తీసేశాను. 'అది నాది కాదు' అని రాశాను. నా దస్తూరి ఊరందరికీ తెలుసు, తీసేశాను. చివరికి 'రేపు పిల్లలు నోట్సులు తప్పక తేవాలి' అని మాత్రం పెట్టాను. రెండు నిమిషాల్లో ఒక తండ్రి దగ్గర్నుంచి జవాబు. 'అలాగే మేడం. చాలా బాగా రాశారు.' కింద చేతులు జోడించిన బొమ్మ.

గురువారం పొద్దున అవనిగడ్డలో ఆటో ఎక్కాను. ఏడుకొండలు మామూలుగా అయితే ఎండ గురించి, కాలవ నీళ్ళ గురించి ఏదో ఒకటి మాట్లాడతాడు.  ఆ రోజు అద్దంలోంచి చూస్తూ, వాకింగ్ అయిందా అండీ అని అడిగాడు. చాలా మర్యాదగా అడిగాడు. అదే ఇబ్బంది. వెక్కిరిస్తే గదమాయించేదాన్ని. అయింది ఏడుకొండలు అని అబద్ధం చెప్పాను.

హెచ్ఎం గారు చూడకముందే చార్టు పీకేద్దామని సరాసరి క్లాసుకి వెళ్ళాను. పీకాను, చుట్టాను, బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రమాదం తప్పిందనుకున్నాను. కానీ తాళం వేసింది చార్టుకి. ముప్ఫై రెండు నోట్సులకి కాదు.

ప్రేయర్ అయ్యాక వరండాలో మిగిలిన పుస్తకాల కట్టలుంటే, వాటిని లోపల పెట్టమని హెచ్ఎం గారు మా క్లాసు ఆడపిల్లలిద్దరికి చెప్పారట. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, చక్కగా నవ్వి, 'కుదరదండి' అన్నారట. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయనకి ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు. ఎవరు నేర్పారమ్మా అంటే, వాళ్ళు నోట్సు తీసి చూపించారు. సాక్ష్యంగా కింద వాళ్ళ నాన్నల సంతకాలు.

నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండో పేజీలో ఉన్నారు. కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఆయన నెమ్మదిగా, ఒక్క అక్షరం వదలకుండా చివరిదాకా చదివారు. ఎక్స్‌ప్లనేషన్ అడుగుతారు, రాతపూర్వకంగా ఇమ్మంటారు అనుకున్నాను. పదిహేడేళ్ళలో నాకు మెమో అనేది రాలేదు. వస్తే ఇలాంటి కారణానికా, అందులో ఏమని రాస్తారు, బజ్జీల సంగతి కూడా రాస్తారా అని ఆలోచిస్తున్నాను.

ఆయన నోట్సు మూసి నా వంక చూశారు.

"నాలుగే ఎందుకండీ?"

నాకు అర్థం కాలేదు. బజ్జీలండి అన్నారు. ఐదోది తింటే గ్యాస్ వస్తుందండి అని చెప్పాను, ఇంకేం చెప్పాలో తెలీక. ఆయన తలూపారు, తనకి మూడో దానికే వస్తుందట. తర్వాత కొంచెం గంభీరంగా, పిల్లలకి తప్పు సందేశం వెళ్ళింది కాబట్టి శనివారం తల్లిదండ్రుల మీటింగులో నేనే లేచి విషయం వివరించాలన్నారు. ఆ మీటింగు ఏర్పాట్లు కూడా నన్నే చూడమన్నారు. నేను అలాగేనండి అన్నాను. అని బయటికొచ్చాక గానీ గుర్తు రాలేదు, ఆ 'కుదరదండి' అనే మాట మా క్లాసులో ఇద్దరు పిల్లలు అనగలిగారు, నేను అనలేకపోయానని.

ఆ సాయంత్రం మనసు బాగాలేదు. అవనిగడ్డ బస్టాండు ఎదురుగా ఒక బజ్జీల బండి ఉంటుంది. ఏడుకొండలు రోజూ అక్కడే ఆపుతాడు, చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆపకుండా బస్టాండు లోపలికే తీసుకెళ్ళాడు. ఇదేంటి ఏడుకొండలు అన్నాను.

"ఇవాళ గురువారం కదండీ," అన్నాడు.

 దిగి బస్సెక్కాను. ఆకలితో బందరు చేరాను.

శనివారం వచ్చింది. ఎనిమిదో తరగతి గదిలో బెంచీల నిండా తల్లులూ తండ్రులూ. చేపలమ్మి వచ్చినవాళ్ళు, పొలాల నుంచి వచ్చినవాళ్ళు. ప్రసాదరావుగారు పక్కన కుర్చీలో కూర్చున్నారు. రాత్రంతా బట్టీ పట్టిన నాలుగు మాటలు చెప్పాను. పొరపాటున నా సొంత కాగితం పిల్లలకి వెళ్ళిందని, అది ఎవరూ పాటించక్కర్లేదని, ఆ పేజీ చింపేసి సోమవారం అసలు టైమ్ టేబుల్ రాసుకోవాలని. వెనక బెంచీల్లో ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. 

అప్పుడు మూడో వరసలోంచి ఒకావిడ లేచింది. నాంచారమ్మ, దుర్గ వాళ్ళమ్మ. చేపల బుట్ట బయట వరండాలో పెట్టి వచ్చింది. చదువు రాదు, సంతకం వరకు దుర్గే నేర్పింది. స్కూలుకి ఎప్పుడొచ్చినా గోడవారగా నిలబడి వెళ్ళిపోయే మనిషి, అందరి ముందూ మాట్లాడగా నేను చూడటం అదే మొదటిసారి.

"ఆ పేజీ చింపొద్దండి టీచరుగారూ," అంది. "దుర్గ చదివి వినిపించిందండి. ఆ చివర రాశారే, నా కోసం అరగంట అని. అది మాక్కూడా వర్తిస్తుందా అండీ?"

గదిలో నవ్వు ఆగిపోయింది.  వర్తిస్తుందని తలూపాను.

నాంచారమ్మ తెల్లవారుజామున మూడున్నరకి లేస్తుంది. పడవలొచ్చే చోటికి వెళ్ళి చేపలు కొనుక్కుని, తొలి ఆటోలో అవనిగడ్డ మార్కెట్టుకి వెళ్తుంది. తిరిగొచ్చి వంట, ఎండుచేపల పని, అత్తగారి మందులు. బుధవారం సాయంత్రం సంతకం పెట్టాక, టీచరుగారు తప్పక పాటించాలని రాశారు కదా అని గడప మీద కూర్చుందట. ఎవరు పిలిచినా పలకలేదట. ఆవిడ భర్త మూడుసార్లు పిలిచి, పలక్కపోయేసరికి భయపడిపోయి, ఏదో సోకిందనుకుని వేపమండలు తేవడానికి పరిగెత్తాడట. దుర్గ నోట్సు చూపించి ఆపిందట. గురువారం, శుక్రవారం కూడా కూర్చుంది.

"పెళ్ళయిన పదహారేళ్ళలో అలా కూర్చోలేదండి. ఏం చెయ్యాలో తెలీలేదు మొదటిరోజు. కాళ్ళు చూసుకుంటా కూర్చున్నా," అంది.

అందరూ నవ్వారు గానీ అది వేరే నవ్వు. ఆడవాళ్ళు కొంతమంది కొంగుతో కళ్ళద్దుకున్నారు, నవ్వు వల్లో ఇంకెందుకో చెప్పలేను. ఒక తండ్రి లేచి, అరగంట అంటే కచ్చితంగా అరగంటేనా, టీ పెట్టి వెళ్ళి కూర్చోవచ్చు కదా అని సందేహం వెలిబుచ్చాడు. పక్కనున్న భార్య చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ప్రసాదరావుగారు గొంతు సవరించుకుని, పేజీ చింపనక్కర్లేదు, హెచ్ఎం గారి లైను ఒక్కటి కొట్టేయండి చాలు అన్నారు.

మీటింగు అయ్యాక నాంచారమ్మ వరండాలో బుట్ట ఎత్తుకుంటూ, మీరెక్కడ కూర్చుంటారండీ అని అడిగింది. నేను ఇంకా కూర్చోలేదన్నాను. వాకింగ్ అన్నా వెళ్తున్నారా అంది. అదీ లేదన్నాను. ఉదయం లేవలేకపోతున్నానని నిజం చెప్పేశాను. ఎందుకో ఆవిడ దగ్గర అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నాంచారమ్మ నా వంక చాలా జాలిగా చూసింది. ఇంత చదువుకుని, ఇంత అందంగా రాసి పెట్టుకుని ఏం లాభం అన్నట్టు. తర్వాత దుర్గ చేత నా ఫోన్ నంబరు తన ఫోన్లో ఎక్కించుకుంది. నేను పిల్ల చదువు కోసమేమో అనుకున్నాను.

సోమవారం చీకటితోనే ఫోన్ మోగింది. ఐదున్నర. అవతల ఆటో చప్పుడు, గాలి హోరు, మధ్యలో నాంచారమ్మ గొంతు. మార్కెట్టుకి వెళ్తోందట, దారిలో గుర్తొచ్చి చేసిందట. లేచారా అండీ, వాకింగ్ టైమయింది అంది.

"ఇప్పుడే చెప్పులేసుకుంటున్నాను నాంచారమ్మా," అన్నాను.

మంచం మీద పక్కకి తిరిగి, దుప్పటి నిండా కప్పుకుని, చాలా పద్ధతిగా చెప్పాను.